నాపరాయి మీద సున్నపుబట్టీ

శుక్రవారం నమాజు చదివి మసీదు మెట్లు దిగుతూ ఫోన్ ఆన్ చేశానో లేదో, టింగుమని మోగింది. చూస్తే సున్నపుబట్టీ! పదేళ్ళు దాటాక, ఎవరికీ చెప్పా పెట్టకుండా, పొగ లేస్తున్న బట్టీ బొమ్మతో సహా కొత్త ఆల్బం వచ్చి కూర్చుంది. పేరు ‘నీళ్ళు పడితే’. ఏడు పాటలు. ఒక చెప్పు వేసుకుని రెండోది మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. వెనక దిగుతున్న పెద్దాయన, “ఏంది ఖాదరూ, మెట్ల మీద గుడారం వేశావా? జరుగు” అని కసిరితే గాని కదల్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సున్నపుబట్టీ అంటే రాక్ బ్యాండ్. పిడుగురాళ్ళ కుర్రాళ్ళు నలుగురు కలిసి పెట్టారు. దేవానందం పాడతాడు, ఫైజల్ డ్రమ్స్ కొడతాడు, మిగతా ఇద్దరూ గిటార్లు. అప్పటిదాకా రాక్ అంటే మాకేం తెలుసు? జుట్టు పెంచుకున్న తెల్లవాళ్ళు ఏదో అరుస్తారు, అంతే. వీళ్ళు వచ్చి మా పల్నాటి మాటలో, మేం తిట్టుకునే తిట్లతో, మేం పీల్చే దుమ్ము గురించి అరిచారు. ‘సున్నం కాల్చిన చేతికి మజ్జిగ పోసేదెవరు’ అని దేవానందం గొంతు చించుకుంటే, నాపరాళ్ళ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పనిచేసే మా ఇద్దరికీ ఒళ్ళు తెలియలేదు. మా ఇద్దరికీ అంటే నాకూ, హనుమంతుకూ.

బట్టీలో కాలిన రాయి చూడ్డానికి చచ్చిన రాయిలాగే ఉంటుంది. దాని మీద చెంబెడు నీళ్ళు పడ్డాయంటే కుతకుతా ఉడుకుతుంది. మా వైపు పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఆల్బం పేరు చూడగానే వీళ్ళు సరదాకి రాలేదని నాకు అర్థమైపోయింది. వేలు ప్లే గుర్తు మీదకు వెళ్ళింది. అక్కడే ఆగింది.

ఎందుకంటే ఒట్టుంది.

సున్నపుబట్టీ చివరిసారి పాడింది నరసరావుపేటలో, ఒక కాలేజీ గ్రౌండులో. నా బండి మీదే వెళ్ళాం. ఆఖరి పాట అయ్యాక దేవానందం మైకు పట్టుకుని, “బట్టీ ఆర్పేస్తున్నాం, క్షమించండి” అన్నాడు. అంతే, దిగిపోయాడు. కొట్టుకున్నారని కొందరు, దేవానందం గొంతు పోయిందని కొందరు, ఎవడి నోటికొచ్చింది వాడు చెప్పాడు. తిరిగొస్తూ గురజాలలో టీకి ఆగితే హనుమంతు గ్లాసు పక్కన పెట్టి భోరుమని ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది గాని, టీ కొట్టువాడు చూస్తున్నాడని ఆపుకున్నాను.

“వీళ్ళు ఎప్పటికైనా మళ్ళా వస్తార్రా. వస్తే ఇద్దరం కలిసే వినాల. ఒక్కడే వినకూడదు. ఒట్టెయ్” అన్నాడు.

మా ఇద్దరి మధ్యా ఒట్టు వేసుకోవడంలో ఒక పద్ధతి ఉంది. ఎవడి దేవుడి మీద వాడు ఒట్టు వేస్తే లాభం లేదు. సొంత దేవుణ్ణి ఎట్లాగో బతిమాలుకుని బయటపడొచ్చు, పరాయి దేవుడి దగ్గర మన ఆటలు సాగవు. అందుకని వాడు మా దర్గా మీద ఒట్టేశాడు, నేను కోటప్పకొండ మీద వేశాను.

మరి హనుమంతుకు ఫోన్ చేసి రమ్మంటే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. రెండేళ్ళుగా మాకు మాటల్లేవు.

ఎందుకు లేవో వినండి. మా అమ్మ హజ్రా బీకి గుండెలో నొప్పి వచ్చి గుంటూరు తీసుకెళ్ళమన్నారు. కారు మాట్లాడడానికి మాచర్ల బస్టాండుకు పరిగెత్తితే టీ కొట్టు దగ్గర హనుమంతు కనిపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. “ఒరేయ్, అమ్మకి బాగాలేదురా, గుంటూరు తీసుకెళ్తున్నా, బతుకుద్దో లేదో” అన్నాను. వాడు నవ్వాడు. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వి, “మంచిదే, మంచిదే. పోయిరా” అన్నాడు.

మా అమ్మ చేతి ఖీరు తిని పెరిగిన వెధవ! నా ఒళ్ళు భగ్గున మండింది. ఆ రోజు చేతిలో పని ఉండబట్టి గాని, లేకపోతే అక్కడే చెంప పగలగొట్టేవాణ్ణి. అమ్మ బతికింది. వాడు చూడ్డానికి రాలేదు. అంతకుముందు కూడా ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, టీకి పిలిస్తే వచ్చేవాడు కాదు, మా ఇంట్లో దావత్‌కు వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా తినేసి పోయాడు. అన్నీ కలిపి లెక్క చూసుకుంటే వాడికి పొగరెక్కిందని తేలింది. అప్పటికే నేను మిషన్ పని మానేసి ట్రాలీ ఆటో కొనుక్కుని నాపరాళ్ళు తోలుతున్నాను. కోపం కొద్దీ వాడుండే ఫ్యాక్టరీ లోడే మానేశాను.

ఇప్పుడు ఈ ఆల్బం వచ్చి నా పీక మీద కూర్చుంది. సాయంత్రానికి మాచర్లంతా అదే మోత. టీ కొట్టులో పాట మొదలైతే డబ్బులిచ్చేసి, టీ తాగకుండా పారిపోయాను. క్షవరం చేయించుకుంటుంటే పక్క కుర్చీలో కుర్రాడు ఫోన్‌లో పెట్టాడు. సగం గడ్డంతో బయటకొచ్చేశాను. ఇంటికొచ్చి దూది కోసం వెతుకుతుంటే నా భార్య నజీమా పడీ పడీ నవ్వింది. “ఇన్నేళ్ళు ఆ అరుపులు ఆపమని నేను మొత్తుకుంటే ఆపలా. ఇప్పుడేమో చెవుల్లో దూదా?” అంది.

అమ్మ మాత్రం నవ్వలేదు. మంచం మీద నుంచే, “నేను చస్తానంటే హనుమంతు నవ్వాడా? నేను నమ్మనురా. ఏదో ఉంది. నువ్వా, అడగవు, కనుక్కోవు, ముందు ఎగిరిపడతావు. మీ అబ్బ బుద్ధే నీకూ” అంది.

“నవ్వాడమ్మా. నా కళ్ళతో చూశా.”

“చూశావు. అడిగావా?” అంది అమ్మ. “పైగా ఒట్టేసింది కోటప్పకొండ మీద. పరాయి దేవుడితో పెట్టుకోమాక బేటా. పో, వాడితో కలిసి విను. తర్వాత కావాలంటే కొట్టు.”

ఆ చివరి మాట నాకు నచ్చింది. శనివారం పొద్దున్నే ట్రాలీ తీశాను.

దారి పొడుగునా అనాల్సిన మాటలు వరస పెట్టుకున్నాను. ఫ్యాక్టరీ షెడ్డులోకి అడుగు పెట్టేసరికి ఆ వరసంతా ఎగిరిపోయింది. కటింగ్ మిషన్లు నాలుగూ నడుస్తున్నాయి. ఆ మోతలో పక్కవాడి చెవికి నోరు ఆనించి అరిచినా ముక్క వినపడదు. అందుకే మిషన్ దగ్గర మాటలుండవు, చేతులే. అరచెయ్యి కిందికి నొక్కితే బ్లేడు దించమని. పైకి ఎత్తితే లేపమని. వేళ్ళు కిందికి ఆడిస్తే నీళ్ళు వదలమని. పిడికిలి బిగిస్తే బ్లేడు ఆపమని. ఒక చేతి వేలితో రెండో అరచేతి మీద గీత గీస్తే రాయిలో పగులుందని, పక్కన పడెయ్యమని. మీసం తిప్పితే ఓనరు వస్తున్నాడని.

హనుమంతు నన్ను చూశాడు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖంలో కళ్ళు ఇంత చేసుకుని, మీసం తిప్పాడు. ఓనరు గారు వచ్చారు, లేచి నిలబడండి అన్నట్టు. నాకు నవ్వొచ్చింది. కొట్టడానికి వచ్చినవాణ్ణి నవ్వేశాను. వాడు పిడికిలి చూపించి ఆగమన్నాడు, పలక పూర్తిచేసి వస్తానన్నాడు. నేను సరేనన్నాను. రెండేళ్ళ తర్వాత కూడా మా చేతులు ఒకదాన్నొకటి ఏమీ మర్చిపోలేదు. వీడికి పొగరేమిటి, నేనేమన్నా పొరబడ్డానా అనుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. మిషన్లు మూలుగుతూ ఆగాయి. నేను దగ్గరికి వెళ్ళి, “ఒరేయ్, సున్నపుబట్టీ వచ్చిందిరా! కొత్త ఆల్బం! నువ్వు లేకుండా వినకూడదని దూది పెట్టుకు తిరుగుతున్నా” అన్నాను.

వాడి ముఖం మారిపోయింది. ఇందాక మీసం తిప్పినవాడు కాడు. నా పెదాల వంక చూశాడు, అటూ ఇటూ చూశాడు, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు. “మంచిదే, మంచిదే” అన్నాడు.

అదే నవ్వు. అదే మాట. నా నెత్తురు తలకెక్కింది. “ఏందిరా మంచిదే? మా అమ్మ చస్తానన్నా మంచిదేనా? ఏం చూసుకునిరా నీకింత...” అంటూ వాడి చొక్కా పట్టుకున్నాను. అన్నం క్యారేజీ తెస్తున్న వాడి భార్య పిచ్చమ్మ దాన్ని అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా అంది.

“అన్నా, వదులు. ఆయనకి వినపడదు.”

“ఏంది?”

“వినపడదన్నా. మూడేళ్ళు దాటింది. మిషన్ మోతకి చెవులు రెండూ పోయినయ్యి. డాక్టర్‌కి చూపించాం. చెవికి మిషన్ పెడితే గోల తప్ప మాట తెలవట్లా. చెవిటోడని పేరు పడుద్దని ఎవరికీ చెప్పనీలా. ఎవరేమన్నా నవ్వి మంచిదే అంటాడు. అమ్మగారి సంగతి తర్వాత నేను చెబితే తెలిసింది. ఆ రోజంతా ముద్ద ముట్టలా. నీకు ముఖం చూపించలేక రాలా.” ఆమె నా వంక చూసింది. “నీకు తెలిసే అలిగావనుకున్నా అన్నా. నువ్వూ గమనించలేదా?”

గమనించలేదు. ఎట్లా గమనిస్తాను? నేను లోడుకు వచ్చినప్పుడల్లా వాడు మిషన్ మీదే ఉండేవాడు. మిషన్ దగ్గర అందరం చెవిటివాళ్ళమే. చేతులతో అడిగితే చేతులతో చెప్పేవాడు. బయటికొస్తే మాత్రం టీకి రాడు, ఫోన్ ఎత్తడు. నేనేమో పొగరని తేల్చేశాను. చొక్కా వదిలేశాను. సిగ్గేసింది, దుఃఖమొచ్చింది, ఇంకా కొంచెం కోపం కూడా మిగిలే ఉంది, నాకెందుకు చెప్పలేదని.

హనుమంతుకు ఏం జరిగిందో అర్థమైంది. తల వంచుకుని, దుమ్ము చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను ఏం చెయ్యాలో తెలియక ఫోన్ తీసి చూపించాను. పొగ లేస్తున్న బట్టీ బొమ్మ. వాడు ఫోన్ లాక్కున్నాడు. ‘నీళ్ళు పడితే’ అని కూడబలుక్కుంటూ చదివాడు. చదివి, దాన్ని గుండెకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. పిచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టాడు. “నువ్వు వినరా” అన్నాడు గట్టిగా. తన గొంతు తనకు వినపడదు కదా, అందుకే అంత గట్టిగా. “నా ఒట్టు తీసేశా. పొయ్యి విను. నాకు కుదరదులే.”

“నువ్వెవడివిరా తియ్యడానికి? నేనేసింది కోటప్పకొండ మీద!” అని అరిచాను. వాడికి వినపడదని గుర్తొచ్చి, కొండ ఉన్న దిక్కుకు చెయ్యి చూపించి, రెండు చేతులూ జోడించి, తల అడ్డంగా ఊపాను. వాడికి అర్థమైంది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఉత్తుత్తి నవ్వు కాక అసలు నవ్వు నవ్వాడు.

నా ట్రాలీలో సీటు వెనక పెద్ద వూఫర్ ఒకటి ఉంది. నజీమా దాన్ని సవతి అంటుంది. దాన్ని పీకి, షెడ్డు బయట నిలిపిన ట్రాలీ తొట్టిలో వెల్లకిలా పెట్టాను. రాళ్ళు ఎత్తే కళాసీలు ఇద్దరు సాయం పడితే పాలిష్ అయిన పలుచటి నాపరాతి పలక ఒకటి తెచ్చి దాని మీద పరిచాను. హనుమంతును ఎక్కించి, రెండు అరచేతులూ పలక మీద ఆనించి కూర్చోబెట్టాను. ఎదురుగా నేను కూర్చున్నాను. ఏమవుతుందో నాకే తెలియదు. వాడికి ఏమీ అందకపోతే ఈ పని చేసినందుకు జన్మలో నన్ను నేను క్షమించుకోలేనని మాత్రం తెలుసు. బిస్మిల్లా అని ప్లే నొక్కాను.

మొదటి పాటలో పాటే లేదు. సుయ్యిమని ఒక చప్పుడు. కాలిన సున్నం మీద నీళ్ళు పడ్డ చప్పుడు! అది బుసలు కొట్టి, చిటపటలాడి, మెల్లగా ఉడుకు పట్టింది. దాని అడుగున ఎక్కడో గిటారు తీగ ఒక్కటి సన్నగా, ఊపిరి తీసుకున్నట్టు. నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పదేళ్ళు చచ్చినట్టు పడి ఉన్న రాయి నా కళ్ళముందే లేస్తున్నట్టుంది. యా అల్లా, ఇదా వీళ్ళు దాచిపెట్టింది అనుకున్నాను. వేళ్ళు కిందికి ఆడించి హనుమంతుకు చెప్పాను. నీళ్ళు వదిలారు.

వాడు పలక వంక చూశాడు. నా వంక చూశాడు. ముఖంలో ఏమీ లేదు. సన్నటి చప్పుళ్ళు రాయి దాటి రావడం లేదు. ఎంత వెధవ పని చేశాను, ఆకలితో ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి నేను భోజనం చేస్తున్నట్టుంది అనుకున్నాను. ఆపేద్దామని ఫోన్ అందుకున్నాను.

అప్పుడే రెండో పాట పడింది. ఫైజల్ దిగాడు. దిగడమంటే అట్లా ఇట్లా కాదు. పీర్ల పండగ రోజు చావిడి ముందు డప్పులన్నీ ఒక్కసారి లేస్తే ఎట్లా ఉంటుంది, అట్లా. పలక మీద మిగిలిన రాతిపొడి గంతులేసింది. హనుమంతు ఉలిక్కిపడి చేతులు తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి మోచేతుల దాకా ఆనించి, గడ్డం కూడా ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

“ఫైజలేరా!” అని కేక పెట్టాడు. ఆ కేకకు షెడ్డులో తింటున్నవాళ్ళంతా బయటకొచ్చారు. “ఫైజలే! దొంగ నాకొడుకు, ఎడం చెయ్యి ఇంకా ఆలస్యంగానే ఏస్తన్నాడు!”

నిజమే. ఫైజల్ ఎడమ చేతి దెబ్బ ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. ఆ ఆలస్యం కోసమే వాడంటే మాకు పిచ్చి. చెవులున్న నేను ఇంకా పట్టుకోలేదు. హనుమంతు అరచేతులతో పట్టుకున్నాడు.

అక్కడి నుంచి ఇక నేను ఊరుకోలేదు. దేవానందం గొంతు రాగానే మీసం తిప్పాను, ఓనరు వచ్చాడని. హనుమంతు పగలబడి నవ్వాడు. గిటార్లు పైకి లేస్తే అరచెయ్యి లేపాను. అణిగితే దించాను. వెనక ఎవరో సన్నాయి ఊదారు. దానికి గుర్తు లేదు మా దగ్గర, నోటికి రెండు చేతులూ పెట్టి బుగ్గలు పొంగించాను. కళాసీలు నన్ను చూసి విరగబడి నవ్వుతున్నారు. నవ్వనీ! ముందు దేవానందం అన్నీ అరిచేవాడు. ఇప్పుడు అరవడం లేదు. పక్కన కూర్చుని కష్టం చెప్పుకుంటున్నట్టు కింద గొంతుతో పాడుతున్నాడు, మాట మాటా లోపల దిగుతోంది. గొంతు పోయిందన్న మాట అబద్ధం కాదని అప్పుడర్థమైంది. పోయిన గొంతుతోనే వచ్చాడు, మిగిలిన దానితోనే ఇల్లు కట్టాడు.

నాలుగో పాటకు వచ్చేసరికి డ్రమ్స్ లేవు, గిటార్లు లేవు. దేవానందం ఒక్కడే. పలకలో అదురు ఆగిపోయింది. ‘నన్ను పిలిచిన గొంతులన్నీ నాలోనే ఉన్నాయి’ అని ఒకే మాట తిప్పి తిప్పి పాడుతున్నాడు. ప్రతిసారీ ఒక మెట్టు పైకి. వద్దురా, అంత పైకి నీ గొంతు పోదురా అని నేను లోపల బతిమాలుతున్నాను. వెళ్ళాడు. అందుకోబోయాడు. గొంతు చీలింది. పాత దేవానందం ఎక్కడ గర్జించేవాడో సరిగ్గా అక్కడ, గొంతు ఫట్టుమని విరిగి గాలి మాత్రం వచ్చింది. దాన్ని వాళ్ళు దాచలేదు, దిద్దలేదు, అట్లాగే వదిలారు. నా చేతులు ఆగిపోయాయి. కళ్ళలోంచి బొటబొటా కారిపోతున్నాయి.

“ఏందిరా?” అని అరిచాడు హనుమంతు. “ఏమైంది? ఆగిపోయిందా? చెప్పరా!”

నేను ఎడమ అరచెయ్యి చాపి, దాని మీద వేలితో గీత గీశాను. పగులు.

“ఎవరికి? దేవానందం గొంతా?”

అవునని తలూపాను.

“పగిలింది తీసెయ్యలేదా?”

లేదన్నాను. మళ్ళీ గీత గీసి, ఆ అరచేతినే పలక మీద పెట్టి, రెండో చేతితో పాలిష్ పట్టినట్టు మెల్లగా నిమిరాను. పగుల్ని అట్లాగే ఉంచి పాలిష్ పట్టారని.

వాడు నా చేతి వంక చూశాడు. మా పనిలో పగిలిన రాయిని పక్కన పడేస్తాం. దాన్ని ఇంతవరకు ఎవరూ నునుపు చేసి వాకిట్లో పరవలేదు. “పగిలిందే పెట్టాడంటే...” అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో. “చానా గుండె ధైర్యం కావాల పిచ్చమ్మా.” ట్రాలీ పక్కన నిలబడ్డ పిచ్చమ్మ వాడి మోకాలి మీద చెయ్యేసింది. వాడు కళాసీల వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు, “నాకు చెవులు వినపడవురా. మూడేళ్ళయింది. ఇక నుంచి నాతో చెప్పేదేమన్నా ఉంటే చేతులతో చెప్పండి” అన్నాడు. మాతోపాటు ఏళ్ళ తరబడి పనిచేసిన అంకారావు ముందుకొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ మీసం తిప్పాడు.

ఐదూ ఆరూ గాలివానలాగా వచ్చి పోయాయి. వాటి గురించి తర్వాత ఎప్పుడైనా చెబుతాను, ఇప్పుడు ఏడోదే చెప్పాలి.

ఏడోది మొదలవుతూనే హనుమంతు నిటారుగా కూర్చున్నాడు. అడుగున ఒకటే గరగర, ఆగకుండా. నేను ఇదేం వాయిద్యమా అని ఆలోచించేలోపే వాడి అరచెయ్యి కిందికి నొక్కింది. బ్లేడు దించు. ఆ మరుక్షణమే పాట కిందికి దిగింది. నేను నోరు తెరిచాను. వాడి వేళ్ళు ఆడాయి. నీళ్ళు. పాటలో సుయ్యిమని నీళ్ళు!

“మన మిషనేరా!” అన్నాడు. “రాయి కోస్తన్నారు! బ్లేడు రాతిలోకి దిగింది, సగానికి వచ్చింది... ఇప్పుడు గట్టి పొర తగులుద్ది చూడు.” తగిలింది. ఫైజల్ దెబ్బలు బరువెక్కాయి. ఒక పలక కోయడానికి ఏం జరుగుతుందో ఆ వరసలోనే పాట కట్టారు వీళ్ళు. మమ్మల్నే, మా పనినే, మా మోతనే తీసుకెళ్ళి పాట చేశారు. హనుమంతు చెవులు తినేసిన మోతే వాడి అరచేతుల్లోకి పాటై తిరిగొచ్చింది. ఇప్పుడు నేను చెప్పడం లేదు, వాడు ముందు చెబుతున్నాడు, పాట వెనక వస్తోంది. “ఇంక విడిపోద్దిరా, పలక విడిపోద్ది, ఎత్తుతాడు చూడు, ఎత్తుతాడు...”

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది.

ఎవరూ స్విచ్చులు ఆపలేదు, నాలుగు మిషన్లూ ఒక్కసారి లేచాయి. షెడ్డు, రోడ్డు, ఆకాశం అన్నీ మోతలో మునిగిపోయాయి. నాకు పాట పోయింది. అందరికీ పోయింది. ఫోన్ చెవికి ఆనించుకున్నాను, వూఫర్ మీదకు వంగాను, ముక్క వినపడలేదు. పదేళ్ళు ఎదురుచూసిన పాట పైకి లేచే చోట నేను చెవిటివాణ్ణయ్యాను. ఏడుపు తన్నుకొచ్చి తల ఎత్తి చూశాను.

హనుమంతు ఎడమ చెయ్యి పలక మీద ఉంది. కుడి చెయ్యి లేస్తోంది. మెల్లగా లేచి తల దాటి, దుమ్ములో ఎండ పడుతున్న చోటికి వెళ్ళి అక్కడ వణుకుతూ నిలబడింది. దేవానందం అంత పైకి వెళ్ళాడన్నమాట, వెంట డ్రమ్సూ గిటార్లూ లేచి ఆ సంగతి పలకలోంచి వాడికి చెబుతున్నాయన్నమాట. తర్వాత వాడు పలక మీది చేతిని వెల్లకిలా తిప్పాడు, పైనున్న చేతిని దించి దాని మీద గీత గియ్యబోయి ఆగాడు. నా కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. ఈసారి పగల్లేదురా. పగల్లేదు.

మళ్ళీ అరచెయ్యి పలకకు ఆనించాడు. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. అది దిగింది, నీళ్ళు వదిలింది, ఇంకోసారి లేచింది, చివరకు వచ్చి పలక మీద మెల్లగా పిడికిలి అయింది. పాట అయిపోయిందని వాడు చెబితేనే నాకు తెలిసింది.